నల్ల వైరులో కరెంటు ఎక్కడిది?

మొన్న వానాకాలంలో మా పాత ఇంటి మేడ మీద గదిలో ఫ్యాను, లైటు రెండూ ఒకేసారి ఆగిపోయాయి. కింద అన్నీ బాగానే పనిచేస్తున్నాయి. టెస్టర్ తీసి సాకెట్‌లో కుడి రంధ్రంలో పెడితే వెలిగింది. ఎడమ రంధ్రంలో పెడితే అక్కడా వెలిగింది. కరెంటు పోయిందనుకున్న గదిలో రెండు వైపులా కరెంటు!

ఎలక్ట్రీషియన్ వచ్చి ఒక్క నిమిషంలో తేల్చేశాడు. "న్యూట్రల్ తెగింది సార్, రిటర్న్ వస్తోంది. ఫ్యాను, లైటు స్విచ్చులు ఆపేసి మళ్లీ చూడండి" అన్నాడు. ఆపేశాను. ఎడమ రంధ్రంలో టెస్టర్ ఆరిపోయింది. ఫేజ్‌లో, అంటే కరెంటు తెచ్చే వైరులో, బయల్దేరిన కరెంటు ఫ్యాను గుండా, బల్బు గుండా న్యూట్రల్‌లోకి, అంటే తిరిగి వెళ్లే వైరులోకి వచ్చి, అక్కడి నుంచి వెళ్లే దారి లేక నిలబడిపోయింది. ఆ వైరు నల్లది. ఎర్ర వైరు జోలికి పోవద్దు, నల్లదైతే ఫర్వాలేదు అని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం మనం. ఆ నమ్మకంతో ఆ రోజు నేను నల్ల వైరు కొస పట్టుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఈ ఎరుపు, నలుపు మనకు బ్రిటిష్ వాళ్ల దగ్గరి నుంచి వచ్చినవి. వాళ్ల పద్ధతిలో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్, అంటే పక్కదారి పట్టిన కరెంటును భూమిలోకి పంపే వైరు. మూడు ఫేజులైతే ఎరుపు, పసుపు, నీలం. మన ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ "ఆర్, వై, బీ" అనేది అందుకే. ఇండియన్ ఎలక్ట్రిసిటీ చట్టం 1910లో వచ్చింది. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం నిజాం కాలంలో 1920లో మొదలైంది. ఆ రోజుల్లో ఇళ్లలో వేసినవి రబ్బరు తొడుగు మీద నూలు అల్లిన వైర్లు. వాటిని చెక్క కేసింగ్‌లో దాచి పైన మూత బిగించేవారు. తర్వాత టేకు పట్టీల మీద క్లిప్పులతో బిగించే బ్యాటెన్ వైరింగ్ వచ్చింది. కొన్ని పాత ఇళ్లలో ఇప్పటికీ అది కనిపిస్తుంది. ఏళ్లు గడిచేసరికి రబ్బరు ఎండి పొడిపొడిగా రాలిపోతుంది, నూలు మాసి అన్ని వైర్లూ ఒకే మట్టిరంగుకు తిరుగుతాయి. అలాంటి బోర్డు విప్పినప్పుడు ఏది ఎరుపో ఏది నలుపో చెప్పడం ఎవరి వల్లా కాదు. పీవీసీ తొడుగు వచ్చాకే రంగు వైరుతో పాటు నిలిచింది.

ఆ పాత ఇళ్లలో ఇంకో ప్రమాదం ఉండేది. ఫేజ్‌కు ఒక ఫ్యూజు, న్యూట్రల్‌కు ఇంకో ఫ్యూజు. న్యూట్రల్ ఫ్యూజు పోయినా లైట్లు ఆరిపోతాయి. ఇంటివాళ్లు కరెంటు లేదనుకుంటారు. వైర్లలో మాత్రం పూర్తి 230 వోల్టులు ఉంటాయి. 1956 ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 32వ రూలు దీని గురించే చెప్పింది. సరఫరా ఇంట్లోకి వచ్చే చోట ఏది న్యూట్రలో చెరగని గుర్తు ఉండాలి. న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు గానీ స్విచ్చు గానీ పెట్టకూడదు, పెడితే ఫేజ్‌తో కలిసి ఒకేసారి తెగేదై ఉండాలి. తర్వాత 2010లో, మళ్లీ 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కొత్త భద్రతా నిబంధనలు తెచ్చింది. అయినా పాత చెక్కబోర్డు మీద రెండు పింగాణీ ఫ్యూజులు పక్కపక్కనే ఉన్న ఇళ్లు నేను ఈ మధ్య కూడా చూశాను. మీ ఇంట్లో అలా ఉంటే దయచేసి ఈ వారమే మార్పించండి.

బయటి నుంచి వచ్చే సర్వీసు వైరుది ఇంకో సమస్య. గాలివానకు తెగిన వైరును స్తంభం దగ్గర మళ్లీ కలిపేటప్పుడు రెండు కొసలు తారుమారైతే చాలు, ఇల్లంతా ఎర్ర వైరు న్యూట్రల్ అవుతుంది, నల్లది ఫేజ్ అవుతుంది. ఫ్యాను తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తేడా ఎవరికీ తెలియదు. కానీ స్విచ్చు ఇప్పుడు న్యూట్రల్‌ను తెంపుతోంది. అంటే స్విచ్చు ఆపినా బల్బు హోల్డర్‌లో కరెంటు ఉన్నట్టే. ఆపేసిన ఎల్ఈడీ బల్బు రాత్రిపూట మసకగా వెలుగుతూ ఉంటే దానికి ఇదొక కారణం కావచ్చు. స్విచ్చులో ఉండే చిన్న ఇండికేటర్ లైటు వల్ల కూడా అలా జరుగుతుంది కాబట్టి వెంటనే కంగారు పడక్కర్లేదు, ఒకసారి చూపించుకోవాలి.

రంగుల గొడవ ప్రపంచమంతా ఉంది. ఒకప్పుడు జర్మనీలో నలుపు ఫేజ్, బూడిదరంగు న్యూట్రల్, ఎరుపు ఎర్త్. బ్రిటన్‌లో ఎరుపు ఫేజ్. జర్మనీలో తయారైన ఇస్త్రీపెట్టెకు బ్రిటన్‌లో ప్లగ్గు బిగించేవాడు ఎర్ర వైరును అలవాటుగా ఫేజ్ పిన్నుకు కలిపితే, ఎర్త్ కావాల్సిన ఇనుప ఒంటికి నేరుగా కరెంటు పట్టించినట్టే. ఈ ప్రమాదం తప్పించడానికి యూరప్ దేశాలు కూర్చుని, సామాన్లకు వచ్చే మెత్తటి వైర్లలో గోధుమరంగు ఫేజ్, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చారలు ఎర్త్ అని ఒప్పుకున్నాయి. బ్రిటన్ 1969లో దీన్ని చట్టం చేసింది. ఎర్త్‌కు రెండు రంగులు కలపడంలో మంచి ఆలోచన ఉంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకు కూడా చారల వైరు చారల వైరుగానే కనిపిస్తుంది. గోడలో వైర్లకు కొత్త రంగులు మాత్రం బ్రిటన్‌లో 2004లో మొదలై 2006లో తప్పనిసరయ్యాయి. అప్పుడు కొత్త చిక్కు వచ్చింది. నిన్నటి న్యూట్రల్ నలుపు మూడు ఫేజుల్లో ఒకదానికి వెళ్లింది, నిన్నటి ఫేజ్ నీలం న్యూట్రల్ అయింది. రెండు రకాలూ ఉన్న భవనంలో బోర్డు మీద హెచ్చరిక అంటించాలని వాళ్ల నిబంధన.

అలాంటి హెచ్చరిక అంటించాల్సిన పరిస్థితి మన ఇళ్లలో రోజూ ఉంది. గోడలో ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. ఫ్రిజ్ వైరు కోస్తే గోధుమరంగు, నీలం, చారల ఆకుపచ్చ. మోటారు కోసం మూడు ఫేజులు తీసుకున్న ఇంట్లో గోడలోని నీలం వైరు ఫేజ్, ఫ్రిజ్‌లోని నీలం వైరు న్యూట్రల్. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ నలుపే ఫేజ్, తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చ లేదా తొడుగు లేని రాగి తీగ ఎర్త్. కొన్ని పాత ఇళ్లలో స్విచ్చు దాకా వెళ్లే తెల్ల వైరులో కూడా ఫేజ్ పంపుతారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొన్న ఇంట్లో లైటు మార్చడానికి స్టూలెక్కినవాళ్లు ఇక్కడి అలవాటుతో నలుపును న్యూట్రల్ అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం ఎర్త్ సంగతి. చాలా పాత ఇళ్లకు ఎర్త్ వైరే వేయలేదు, రెండు పిన్నుల సాకెట్లే ఉండేవి. తర్వాత ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వచ్చాయి, మూడు పిన్నుల సాకెట్ కావాల్సి వచ్చింది. గోడ పగలగొట్టి ఎర్త్ లాగడం ఖర్చు. అందుకని సాకెట్ వెనక బెత్తెడు వైరు ముక్కతో ఎర్త్ పిన్నును న్యూట్రల్ పిన్నుకు కలిపేస్తారు. టెస్టర్ పెడితే అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. మా మేడ మీద తెగినట్టు ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగితే? నల్ల వైరులో నిలిచిన కరెంటు ఆ ముక్క గుండా సాకెట్ ఎర్త్‌కు, అక్కడి నుంచి ఫ్రిజ్ తలుపుకు చేరుతుంది. తడి చేత్తో తలుపు తీసేది ఇంట్లో పిల్లలే కావచ్చు. మన సాకెట్లు బ్రిటన్ 1934లో రాసుకున్న ప్రమాణం నుంచి వచ్చినవి. అందులో ఎర్త్ పిన్ను మిగతావాటి కంటే లావుగా, పొడుగ్గా ఉంటుంది, అన్నిటికంటే ముందు ఎర్త్ తగలాలని. అంత ఆలోచించి చేసిన పిన్నును బెత్తెడు వైరు ముక్కతో ప్రాణాంతకం చేస్తున్నాం.

బల్బు గుండా వచ్చే కరెంటే కదా, ఎంత ఉంటుందిలే అనుకోవద్దు. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్, పట్టుకున్న తీగను మనిషి తనంతట తాను వదలగలిగే కరెంటు ఎంతో ప్రయోగాలు చేసి కొలిచాడు. మగవాళ్లకు సగటున 16 మిల్లీయాంపులు, ఆడవాళ్లకు 10.5. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకునేదే దాదాపు 40 మిల్లీయాంపులు. 1961లో కరెంటు పక్కదారి పట్టగానే తెంపేసే పరికరాన్ని కూడా ఆయనే రూపొందించాడు. మన బోర్డుల్లో అదే పని చేసేది ఆర్‌సీసీబీ, ఇళ్లకు 30 మిల్లీయాంపులది పెడతారు. వైరులో కరెంటు మరీ ఎక్కువైతే తెంపేసే ఎంసీబీ ఈ పని చేయదు. అది వైరును కాపాడుతుంది, మనిషిని కాదు.

ఇక టెస్టర్. జార్జ్ క్లాడ్ 1910లో పారిస్‌లో నియాన్ దీపాలు చూపించాడు. అమెరికాలో మూర్ అనే ఇంజినీరు 1917లో వేలెడంత కూడా లేని నియాన్ దీపం చేశాడు. మన జేబులో టెస్టర్ గుండెకాయ అదే. దాని వెనక కరెంటును అడ్డుకునే పెద్ద రెసిస్టర్ ఉంటుంది. అది 10 లక్షల ఓములైతే 230 వోల్టుల దగ్గర మన ఒంటి గుండా పోయేది మిల్లీయాంపులో నాలుగో వంతు లోపే. టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేదని అర్థం కాదు. ఎండలో వెలుగు కనిపించదు, ప్లాస్టిక్ స్టూలు మీద మందపాటి చెప్పులతో నిలబడితే సరిగ్గా వెలగకపోవచ్చు, లోపలి దీపం పాడై ఉండొచ్చు. వెలిగినా అది ఫేజే అని కాదు, మా మేడ మీద చూశాం కదా.

అందుకే పాతకాలం పనివాళ్లు హోల్డర్‌కు రెండు వైర్లు కట్టిన టెస్ట్ బల్బు పట్టుకొస్తారు. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య పెడితే నిండుగా వెలగాలి. పక్క వైరు నుంచి వచ్చిన ఉత్తుత్తి వోల్టేజికి ఫిలమెంటు బల్బు వెలగదు. మల్టీమీటర్ ఆ ఉత్తుత్తి వోల్టేజిని కూడా చూపిస్తుంది. 1923లో బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజినీరు డొనాల్డ్ మెకాడీ చేసిన అవోమీటర్ దీని పూర్వీకుడు. మీటరుతో ఫేజ్, న్యూట్రల్ మధ్య 230 దరిదాపుల్లో, ఫేజ్, ఎర్త్ మధ్య కూడా అంతే, న్యూట్రల్, ఎర్త్ మధ్య కొద్ది వోల్టులు రావాలి. మీటరు ఎర్ర ప్రోబు కరెంటు కొలిచే 10 యాంపుల రంధ్రంలో ఉండగా మాత్రం ఫేజ్, న్యూట్రల్ మధ్య పెట్టకండి, అది షార్ట్ సర్క్యూటే.

ఏ పరికరమైనా ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి పనిచేస్తోందని చూసుకోవాలి, తర్వాత అనుమానం ఉన్న వైరు మీద, చివర్లో మళ్లీ మొదటి చోట. మూడోసారి చూడటం చాలామంది మానేస్తారు. మధ్యలో టెస్టర్ చెడిపోతే తెలిసేది అప్పుడే. మెయిన్ ఆపేశాం కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. మన ఇళ్లలో ఇన్వర్టర్ ఉంటుంది. మెయిన్ ఆపగానే అది ఫ్యాన్లకు, లైట్లకు 230 వోల్టులు పంపడం మొదలుపెడుతుంది. దాన్ని విడిగా ఆపి, అవుట్‌పుట్ తీగ తీసేశాకే బోర్డు విప్పాలి.

మా మేడ మీద తప్పు మెట్ల దగ్గర జంక్షన్ బాక్సులో దొరికింది. రాగి వాడకం మీద బిగింపు ఉన్న రోజుల్లో వేసిన అల్యూమినియం వైరు అది. అల్యూమినియం మీద తెల్లటి పొర పడుతుంది, స్క్రూ కింద మెల్లగా నలిగి వదులవుతుంది. దాన్ని ఎప్పుడో ఎవరో రాగి వైరుతో మెలిపెట్టి టేపు చుట్టారు. టేపు విప్పితే లోపల మెలిక బొగ్గైపోయి ఉంది. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, ఇన్వర్టర్ ఆపి, మూడుసార్లూ టెస్ట్ బల్బు పెట్టి చూశాకే దాన్ని ముట్టుకున్నాడు. మర్నాడు మీటరు దాకా కొత్త రాగి వైరు లాగాడు. ఫ్రిజ్ సాకెట్ కూడా విప్పమన్నాను. వెనక బెత్తెడు వైరు ముక్క ఉంది, ఆకుపచ్చదే.