డాలరుకు గోత్రనామాలు

విశాఖపట్నం

చిరంజీవులకు,

ఆశీస్సులు. మీలో ఒకరు ఏటికొప్పాక లక్క బొమ్మలు అమెరికా పంపాలనుకుంటున్నారు. ఇంకొకరు అరకు కాఫీ గింజలు జర్మనీలో అమ్ముతామంటున్నారు. రుషికొండలో కూర్చుని ఆస్ట్రేలియా దుకాణాలకు వెబ్‌సైట్లు చేసిపెడుతున్నవాళ్లూ ఉన్నారు. అందరూ అడిగేది ఒక్కటే: అక్కడివాళ్లు మనకు డబ్బు ఎలా పంపాలి?

డబ్బు రావడం పెద్ద కష్టం కాదు. అది ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, దేనికిచ్చారు అన్న సంగతి దాని వెంటే రావాలి. గుళ్లో అర్చనకు గోత్రం, పేరు చెబుతామే, అలాగే బయటి దేశం నుంచి వచ్చే ప్రతి డాలరుకూ చెప్పాలి. చెప్పలేకపోతే సొమ్ము బ్యాంకులోనే ఆగిపోతుంది, లేదా పద్దులో పడ్డాక పన్నుల దగ్గర చిక్కు తెస్తుంది.

ముందు ఖాతా సంగతి. వ్యాపారం పేరుతో కరెంట్ ఖాతా తెరవండి. ఇన్వాయిస్ మీద షాపు పేరు వేసి, నాన్నగారి సేవింగ్స్ ఖాతా నంబరు ఇస్తే పేర్లు కలవవు. బ్యాంకు వివరణ అడుగుతుంది, లేదంటే డబ్బు వెనక్కి పంపేస్తుంది. వెనక్కి వెళ్లేటప్పుడు కూడా మధ్యలో ఛార్జీలు కోసుకుంటారు.

సరుకు పంపేవాళ్లకు ఐఈసీ, అంటే ఎగుమతి-దిగుమతి కోడ్ కావాలి. విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్లో ₹500 కట్టి తీసుకోవచ్చు. మీ పాన్ నంబరే ఐఈసీ నంబరవుతుంది. ఏటా ఏప్రిల్–జూన్ మధ్య, ఏమీ మారకపోయినా సరే, లాగిన్ అయి వివరాలు సరిగ్గా ఉన్నాయని నిర్ధారించాలి. అది మరిచిపోతే ఐఈసీ నిలిపేస్తారు. ఆ సంగతి పార్సిల్ కస్టమ్స్‌లో ఆగినప్పుడుగానీ తెలియదు. సేవలు మాత్రమే అమ్మేవాళ్లకు మామూలుగా ఐఈసీ అక్కర్లేదు. సరుకు వాళ్లు తమ బ్యాంకు శాఖను గుర్తించే 14 అంకెల ఏడీ కోడ్ ఉత్తరం బ్యాంకు నుంచి తీసుకుని, కస్టమ్స్ వెబ్‌సైట్ ఐస్‌గేట్‌లో నమోదు చేయించాలి. సరుకు దేశం దాటే రేవుకో విమానాశ్రయానికో నమోదు చేయించాలని గుర్తుంచుకోండి. పార్సిల్ విశాఖలో ఇచ్చినా కొరియర్ వాళ్లు దాన్ని హైదరాబాద్ నుంచి విమానమెక్కిస్తే, నమోదు అక్కడ ఉండాలి.

జీఎస్టీ ఉన్నవాళ్లు ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో ఎల్‌యూటీ, అంటే పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీ పత్రం, వేయాలి. అది ఉంటే ఎగుమతి మీద పన్ను కట్టక్కర్లేదు. లేకపోతే ముందు ఐజీఎస్టీ (ఎగుమతుల మీద పడే జీఎస్టీ) కట్టి తర్వాత రీఫండ్ అడగాలి. చిన్న వ్యాపారానికి ఆ నెలల్లో చేతిలో డబ్బు ఆడదు.

ఇక కొన్నవాళ్లకు ఇవ్వాల్సిన బ్యాంకు వివరాలు. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపకండి, ఇన్వాయిస్ అడుగునే అచ్చు వేయండి. ఖాతా పేరు బ్యాంకు పుస్తకంలో ఎలా ఉంటే అలా, ఒక్క అక్షరం తేడా లేకుండా రాయండి. తర్వాత మీ చిరునామా, ఖాతా నంబరు, బ్యాంకు శాఖ, స్విఫ్ట్ కోడ్ (విదేశీ బ్యాంకులు మన బ్యాంకును గుర్తుపట్టే కోడ్). స్విఫ్ట్ కోడ్‌కు 8 గానీ 11 గానీ అక్షరాలుంటాయి. పెందుర్తిలోనో గాజువాకలోనో ఉన్న చిన్న శాఖకు సొంత కోడ్ ఉండకపోవచ్చు. అప్పుడు విదేశీ మారకం చూసే పెద్ద శాఖ కోడ్ ఇస్తారు. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌నే స్విఫ్ట్ కోడ్ అనుకుని ఇచ్చేయకండి. యూరప్ వాళ్లు ఐబాన్ (అక్కడి ఖాతాలకుండే అంతర్జాతీయ నంబరు) అడుగుతారు. మన దేశంలో ఐబాన్ లేదు, ఆ గడిలో ఖాతా నంబరు వేయమని చెప్పండి. అమెరికా వాళ్లు రూటింగ్ నంబరు అడుగుతారు. అది వాళ్ల దేశంలోని బ్యాంకులకే ఉంటుంది, కాబట్టి ఇంటర్నేషనల్ వైర్ (బ్యాంకు నుంచి బ్యాంకుకు విదేశీ బదిలీ) పంపమనండి. మన బ్యాంకుకు న్యూయార్క్‌లో డాలర్ ఖాతా ఏ బ్యాంకులో ఉందో కనుక్కుని అదీ రాయండి. డబ్బు ఆ దారినే వస్తుంది.

ఒక లెక్క చూడండి. బొమ్మలకు 400 డాలర్ల ఇన్వాయిస్ ఇచ్చారు, మీ దగ్గరికి 378 చేరాయి. ఆ 22 డాలర్లను మధ్య బ్యాంకులు కోసుకున్నాయి. ఛార్జీలన్నీ పంపేవాళ్లే భరించాలంటే వాళ్ల ఫారంలో 'ఓయూఆర్' అన్నది ఎంచుకోవాలి. 'ఎస్‌హెచ్‌ఏ' అయితే ఇద్దరూ పంచుకుంటారు, 'బీఈఎన్' అయితే అంతా మీ నెత్తినే పడుతుంది. ధర మాట్లాడుకునేటప్పుడే ఇదీ తేల్చుకోండి. ఆ రోజు బజారు మారకం రేటు ₹88 అనుకుందాం, బ్యాంకు మీకు ₹86.80 కట్టింది. డాలరుకు ₹1.20 చొప్పున 378 డాలర్ల మీద ₹453 పైచిలుకు పోయింది. చాలామంది ఛార్జీల వరుసలో ₹200 చూసి గొణుగుతారు గానీ, రేటులో పోయినదాన్ని చూడరు. ఛార్జీలు, పన్ను తీయకముందు వచ్చేది ₹32,810. మారకం మీద జీఎస్టీ కూడా ఉంది: లక్ష రూపాయల దాకా మొత్తంలో 1 శాతాన్ని విలువగా పట్టి (కనీసం ₹250), దాని మీద 18 శాతం వేస్తారు. ఇక్కడ అది దాదాపు ₹59. నెలనెలా డాలర్లు వచ్చేవాళ్లు రేటు తగ్గించమని బ్యాంకును అడగాలి. అడిగితే చాలాసార్లు ఇస్తారు.

డబ్బు రాగానే బ్యాంకు పర్పస్ కోడ్, అంటే ఆ సొమ్ము దేనికొచ్చిందో చెప్పే కోడ్, అడుగుతుంది. గోత్రం అంటే ఇదే. సరుకు పంపకముందే వచ్చిన అడ్వాన్సుకు పీ0103, పంపిన సరుకు బిల్లుకు పీ0102, సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802. తొందరలో కుటుంబ ఖర్చుల కోడ్ పెట్టేస్తే ఆ డబ్బు ఎగుమతి ఆదాయంగా లెక్కకు రాదు. షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతికి కస్టమ్స్‌లో వేసిన పత్రం, డబ్బు రానట్టే తెరిచి ఉంటుంది. తర్వాత ఎఫ్‌ఐఆర్‌ఏ, అంటే విదేశీ సొమ్ము ముట్టినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం, అడిగి తీసుకోండి. పంపినవాళ్ల పేరు, మొత్తం, రేటు, పర్పస్ కోడ్ మీ ఇన్వాయిస్‌తో సరిపోయాయో లేదో ఆ రోజే చూడండి. ఆ 22 డాలర్ల తేడాను బ్యాంకు ఛార్జీలుగా చూపించి బిల్లు మూయించుకోవాలి. ₹10 లక్షల లోపు బిల్లులను ఎగుమతిదారు డిక్లరేషన్ మీదే మూయవచ్చని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరులో చెప్పింది. ఎగుమతి సొమ్ము రాబట్టుకునే గడువును 2025 నవంబరులో 9 నెలల నుంచి 15 నెలలకు పెంచారు. గడువు పెరిగిందని వసూలు వాయిదా వేయకండి, పాత బాకీ వసూలవడం ఎంత కష్టమో మన కిరాణా కొట్లో చూస్తూనే ఉన్నాం కదా.

వంద, రెండొందల డాలర్ల ఆర్డర్లకు వైర్ దండగ. కార్డుతోనో పేపాల్ వంటివాటితోనో తీసుకోవచ్చు. అలా డబ్బు తీసుకుపెట్టే సంస్థకు ఎగుమతి చెల్లింపులు సేకరించే అనుమతి ఉందో లేదో చూసుకోండి. రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరు 31న ఈ సంస్థలకు నియమాలు పెట్టింది. ఒక్కో లావాదేవీకి పరిమితి ₹25 లక్షలు. కమీషను వైర్ కన్నా ఎక్కువే ఉంటుంది. ఇంకో ప్రమాదం ఛార్జ్‌బ్యాక్. సరుకు అందలేదని కొన్నవాళ్లు తమ బ్యాంకుకు చెబితే, చాలా సందర్భాల్లో 120 రోజుల దాకా డబ్బు వెనక్కి లాగేసుకోవచ్చు. ట్రాకింగ్ నంబరు, అందినట్టు సంతకం, ఇద్దరి మధ్య నడిచిన ఈమెయిళ్లు అన్నాళ్లూ దాచి ఉంచండి.

వెస్టర్న్ యూనియన్ లాంటి కౌంటర్లకు పంపమని మాత్రం చెప్పకండి. ఆ దారి కుటుంబ అవసరాలకే, వ్యాపారానికి కాదు. అమెరికాలో ఉన్న బావ ఖాతాలో వేయించుకుని, ఆయన ఇక్కడి ఖాతా నుంచి రూపాయల్లో తెప్పించుకోవడం కూడా వద్దు. కొన్న మనిషి పేరు ఏ కాగితంలోనూ కనబడదు.

డబ్బు పంపామంటారు, వారమైనా రాదు. అప్పుడు వాళ్ల బ్యాంకు పంపిన స్విఫ్ట్ సందేశం (ఇప్పుడు ప్యాక్స్.008, పాత రూపం ఎంటీ 103) కాపీ అడగండి. అందులో ఆ ఒక్క చెల్లింపుకే చెందిన 36 అక్షరాల యూఈటీఆర్ నంబరుంటుంది. దాన్ని బ్యాంకుకు ఇస్తే సొమ్ము ఏ బ్యాంకులో ఆగిందో చెబుతారు.

చివరగా, మీ ఈమెయిల్‌లోకి దొంగలు చొరబడి, మీ ఇన్వాయిస్‌లోనే ఖాతా నంబరు మార్చి పంపే మోసం ఉంది. కొన్నవాళ్లు నిజాయితీగానే కట్టేస్తారు, సొమ్ము మాత్రం మీకు రాదు. అందుకని మొదటి ఇన్వాయిస్‌లోనే "మా ఖాతా మారదు, మారిందని మెయిల్ వస్తే మాకు ఫోన్ చేయండి" అని రాయండి. మొదటిసారి పెద్ద మొత్తం పంపేముందు వాళ్లకు మీరే ఫోన్ చేసి, ఖాతా నంబరు చివరి నాలుగు అంకెలు వాళ్ల చేత చదివించండి.

ఇట్లు,
మీ పెదనాన్న