ఐదింతల మందుకి ఎంత ఫలితం?

గుండె ఆపరేషన్లో హార్ట్-లంగ్ మెషీన్ గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా ముందు హెపారిన్ ఎక్కిస్తారు. పనయ్యాక ప్రొటమిన్ ఇచ్చి దానికి విరుగుడు చేస్తారు. అయినా రక్తం కారడం ఒక పట్టాన ఆగదు. గొట్టాల గుండా తిరిగిన రక్తంలో, గడ్డల్ని కరిగించే ప్లాస్మిన్ అనే ఎంజైమ్ పెచ్చుమీరుతుంది. కుట్టిన చోట కట్టిన గడ్డను కూడా అది వదలదు.

దీనికి అడ్డుకట్ట ట్రానెక్సామిక్ యాసిడ్. జపాన్‌కి చెందిన ఉటాకో ఒకామోటో, ఆమె భర్త షోసుకే 1962లో దీన్ని లోకానికి చూపించారు. నెలసరిలో రక్తం ఎక్కువ పోయేవాళ్లకి రాసే మాత్ర కూడా ఇదే. ప్లాస్మిన్‌గా మారబోయే ప్లాస్మినోజెన్ మీద, గడ్డను పట్టుకునే చోట్లు కొన్ని ఉంటాయి. బస్సు సీటు మీద కర్చీఫ్ వేసినట్టు, ఈ మందు ఆ చోట్లను ముందే ఆక్రమిస్తుంది.

మందు పనిచేస్తుందా అన్నది ఇప్పుడు ప్రశ్న కాదు. నాలుగున్నర వేలమందికి పైగా బైపాస్ రోగులతో జరిపిన అటాకాస్ పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. రక్తస్రావం వల్ల మళ్లీ ఆపరేషన్ చెయ్యాల్సినవాళ్లు 2.8 శాతం నుంచి 1.4కి తగ్గారు. ఫిట్స్ మాత్రం 0.1 నుంచి 0.7 శాతానికి పెరిగాయి. మెదడులో ఉద్రేకాన్ని అదుపులో ఉంచే గాబా, గ్లైసిన్ గ్రాహకాలను ఈ మందు అడ్డుకోవడమే కారణమంటారు. పరీక్ష మధ్యలోనే, 2012లో, కిలోకి 100 మిల్లీగ్రాముల డోసును 50కి దించేశారు.

మరి ఎంత ఇవ్వాలి? 2022లో వెలువడిన చైనా పరీక్షలో మూడు వేలమందికి పైగా రోగులను రెండు జట్లు చేశారు. తక్కువ డోసు జట్టుకి మొదట కిలోకి 10 మిల్లీగ్రాములు, ఆపైన గంటకి కిలోకి 2, మెషీన్లో కలిపేది కిలోకి 1. ఎక్కువ డోసు జట్టుకి 30, 16, 2. అరవై కిలోల మనిషికి నాలుగు గంటలు ఇస్తే మొదటిది 1,140 మిల్లీగ్రాములు, రెండోది 5,760. అంటే ఐదింతలు! ఎర్రకణాలు ఎక్కించాల్సి వచ్చినవాళ్లు 26 శాతం నుంచి 21.8కి తగ్గారు. ఫిట్స్ తక్కువ డోసులో 0.4 శాతం, ఎక్కువలో 1.

నూటికి నలుగురికి రక్తం ఎక్కించే పని తప్పడం చిన్న విషయమేం కాదు. రెండోసారి ఛాతీ తెరవాల్సిన రోగికైతే నేను ఎక్కువ డోసు వైపే మొగ్గుతాను. కానీ ఈ మందు బయటికి పోవాల్సింది కిడ్నీల ద్వారానే. పైగా ఆ పరీక్షలో రోగుల సగటు వయసు 53 లోపే. కిడ్నీలు సరిగ్గా పనిచెయ్యని డెబ్భై ఐదేళ్ల పెద్దాయనకి ఆ అంకెలు చూపించి ఐదింతలు ఎక్కించడం నాకు సబబుగా తోచదు.