పుల్లూరు దగ్గర ఆగిన అంబులెన్సులు

అంటువ్యాధుల చట్టాన్ని మార్చాలన్న చర్చ మళ్లీ మొదలైంది. లాక్‌డౌన్, మాస్కు జరిమానాలు, నడిచి ఊళ్లకు బయల్దేరిన వలస కూలీలు అందరికీ గుర్తున్నవే. నా దృష్టిలో అసలు మలుపు 2021 మేలో, కర్నూలు నుంచి తుంగభద్ర దాటాక వచ్చే పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర ఉంది.

కరోనా సెకండ్ వేవ్ రోజులవి. ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్ ఆస్పత్రులకు వెళ్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు అక్కడ ఆపేశారు. కోదాడ వైపు రామాపురం క్రాస్‌రోడ్డులోనూ ఇదే పరిస్థితి. ముందే బెడ్ ఖాయం చేసుకోవాలి, కంట్రోల్ రూమ్ అనుమతి ఉండాలి అన్నారు. ఊపిరాడని మనిషిని వెనక పడుకోబెట్టుకుని, సిలిండర్ మీటరులో ముల్లు దిగిపోతుంటే, ఆ అనుమతి కోసం ఆస్పత్రికి ఫోన్ మీద ఫోన్ చేయడం ఎంత టెన్షనో ఆ ఇళ్లవాళ్లకే తెలుసు.

హైదరాబాద్‌లో బెడ్లు నిండిపోతున్నాయని తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. ఆ ఒత్తిడి నిజమే. కానీ విభజన చట్టం ప్రకారం హైదరాబాద్ అప్పటికింకా ఉమ్మడి రాజధాని. ఏ అధికారంతో ఆపుతున్నారని తెలంగాణ హైకోర్టు నిలదీసింది. ఆ తర్వాత ప్రభుత్వం అవే షరతులతో సర్క్యులర్ తెస్తే మే 14న దాని మీద స్టే ఇచ్చింది.

ఏ అధికారంతో? ఈ ప్రశ్న మనల్ని 1897కి తీసుకెళ్తుంది. బొంబాయి ప్లేగు భయంతో ఆ ఏడాది ఫిబ్రవరి 4న తెచ్చిన ఈ అంటువ్యాధుల చట్టం ఒకటి రెండు పేజీలకు మించదు. ప్రభుత్వం తనకు అవసరమనిపించిన నిబంధన పెట్టొచ్చు. మీరినవాళ్లకు శిక్ష. సదుద్దేశంతో చేశామంటే అధికారుల మీద కేసు నడవదని నాలుగో సెక్షన్. రోగికి ఏం దక్కాలో ఒక్క ముక్క లేదు. ఆ అండతోనే పుణెలో సైనికులు ఇళ్లలో చొరబడి సోదాలు చేశారు. జనం కోపం ఎంతదాకా వెళ్లిందంటే, జూన్ 22న ప్లేగు కమిటీ అధిపతి ర్యాండ్ మీద కాల్పులు జరిగాయి. కొన్నాళ్లకు ఆయన చనిపోయాడు.

బలవంతంగా ఎవరికీ టీకా వేయకూడదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ పాత చట్టం చాలదని, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 2024లో తేల్చింది. పుల్లూరులోనైనా, టీకా విషయంలోనైనా ఊరట దొరికింది కోర్టు మెట్లెక్కాకే. పార్లమెంటు చేసిన మార్పు 2020 నాటిది. వైద్య సిబ్బందిని తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు. దెబ్బలు తిన్న డాక్టర్లకు, నర్సులకు ఆ రక్షణ కావాల్సిందే. నాలుగో సెక్షన్‌ను మాత్రం అప్పుడూ ముట్టుకోలేదు.