పక్షవాతం రోగికి గుక్కెడు నీళ్లు ఎందుకు ఇవ్వరు?

"పక్షవాతంతో ఆసుపత్రిలో చేర్చిన మా నాన్నగారు దాహం దాహం అంటుంటే నర్సు చెంచాడు నీళ్లు కూడా పోయనివ్వలేదు. ఇదేం పద్ధతి?" అని ఒక పాఠకురాలు అడిగారు. పద్ధతి అదేనండీ. ఆ నర్సు నూటికి నూరుపాళ్లు సరైన పని చేసింది. మెదడులో రక్తనాళం ఎలా మూసుకుంటుంది, ఎలా చిట్లుతుంది అన్నవి ఇప్పటికే చాలామంది రాశారు, వాటి జోలికి పోను. మింగడం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. పక్షవాతం వచ్చిన కొత్తలో దాదాపు సగం మందికి మింగడంలోనే ఇబ్బంది ఉంటుంది.

గొంతులో గాలి దారి, తిండి దారి ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటాయి. శ్వాసనాళం ముందువైపు, అన్నవాహిక వెనకవైపు ఉంటాయి. ఈ కూడలి అచ్చంగా రైల్వే గేటు లాంటిది. మామూలు సమయంలో గేటు ఎత్తే ఉంటుంది, ఊపిరి వచ్చిపోతూ ఉంటుంది. ముద్ద బయల్దేరగానే గేటు పడాలి. ముద్ద దాటే ఆ ఒక్క సెకనులో అంగిలి లేచి ముక్కు దారి మూస్తుంది. ఊపిరి ఆగుతుంది. స్వరపేటిక పైకీ ముందుకూ లేస్తుంది, దాని మీద మూత వాలుతుంది, లోపల స్వరతంత్రులు దగ్గరపడతాయి, అన్నవాహిక మొదట్లో బిగిసి ఉన్న కండరం సడలుతుంది. కంఠం మీద వేలు పెట్టి ఉమ్మి మింగి చూడండి, స్వరపేటిక లేవడం తెలుస్తుంది. అయిదు జతల కపాల నాడులు కలిసి చేసే పని ఇది. సమయం చూసి అన్నిటినీ నడిపించే కేంద్రం మెదడు కాండంలోని మెడుల్లాలో ఉంది. మింగాక మళ్లీ మొదలయ్యేది ఎక్కువగా ఊపిరి వదలడమే. అంచున చిక్కిన తుంపరను ఆ గాలి బయటికి నెట్టేస్తుంది.

పక్షవాతంలో గేటు ఆలస్యంగా పడుతుంది, లేదా సగమే పడుతుంది. అప్పుడు ఏ రైలు వస్తోందన్నది ముఖ్యం. నీళ్లు ఎక్స్‌ప్రెస్. బలం తగ్గిన నాలుక వాటిని పట్టి ఉంచలేదు. గేటుకు కబురు అందేలోపే గొంతులోకి జారి శ్వాసనాళంలో పడతాయి. చిక్కటి జావ గూడ్సు బండిలా నిదానంగా కదులుతుంది, గేటు పడేందుకు వ్యవధి ఇస్తుంది. మనం ఏ హానీ లేదనుకునే మంచినీళ్లే ఈ రోగికి అన్నిటికన్నా ప్రమాదం. అలాగని మరీ గట్టిగా ఉన్నదీ పనికిరాదు, అది గొంతులోనే మిగిలిపోయి తర్వాత జారుతుంది. నీళ్ల మజ్జిగ కలిపిన అన్నం, చారన్నం ఇంకా కష్టం. మెతుకులు నోట్లో ఉండగానే చారు ముందుగా దిగిపోతుంది.

గేటు దగ్గర సైరన్ దగ్గు. కొందరిలో అదీ మోగదు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్నా మనిషి ప్రశాంతంగా కనిపిస్తాడు. "దగ్గలేదు కదా, బాగానే తాగాడు" అనే మాట నమ్మకూడదు. గొంతు వెనక పుల్ల తగిలించి వాంతి వచ్చినట్టయితే మింగగలడని ఇప్పటికీ చెప్పే పాఠాలున్నాయి. ఆ రిఫ్లెక్స్ వేరు, మింగడం వేరు. ఆరోగ్యవంతుల్లోనూ కొందరికి అది ఉండదు. నర్సింగ్ విద్యార్థులకు ఈ పాఠం మార్చి చెప్పాలి.

మరి నర్సు ఎలా తేలుస్తుంది? రోగి మెలకువగా ఉండాలి, నిటారుగా కూర్చోగలగాలి. ఈ రెండూ లేకపోతే పరీక్షే లేదు. ముందు నోరు శుభ్రం చేసి, 5 మిల్లీలీటర్ల చెంచాతో నీళ్లు ఇస్తుంది. కంఠం మీద వేళ్లుంచి స్వరపేటిక లేచిందో లేదో చూస్తుంది. ప్రతి చెంచా తర్వాత "ఆ" అనమంటుంది. గొంతు గరగరలాడినా, తడిగా వినిపించినా, దగ్గు వచ్చినా, ఊపిరి వేగం పెరిగినా అక్కడే ఆపేస్తుంది. మూడు చెంచాలు సాఫీగా దిగితే 90 మిల్లీలీటర్లు ఆపకుండా తాగమంటుంది. ఆసుపత్రిని బట్టి కొలతలు కొంచెం మారతాయి. ఈ పరీక్ష అయ్యేదాకా మాత్ర కూడా నోట్లో వేయకూడదు. ఇంట్లోవాళ్లు సొంతంగా చేసి చూసే పని కాదిది.

చిక్కదనం ఎంతో చెప్పి ఇంటికి పంపితే, దాన్ని కొలిచే అంతర్జాతీయ పద్ధతి ఒకటుంది. 10 మిల్లీలీటర్ల సిరంజి చాలు. సున్నా గీత నుంచి 10 గీత దాకా పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి. లోపలి కాడ తీసేసి, మూతిని వేలితో మూసి, జావ 10 దాకా పోయండి. వేలు తీసి 10 సెకన్లు కారనిచ్చి మళ్లీ మూయండి. మిగిలింది 1 మిల్లీలీటరు లోపైతే అది నీళ్ల కిందే లెక్క. 1 నుంచి 4 దాకా మిగిలితే ఒకటో స్థాయి, 4 నుంచి 8 అయితే రెండు, 8 దాటితే మూడు, చుక్క కూడా కారకపోతే నాలుగు. రాగి జావ చల్లారేకొద్దీ చిక్కబడుతుంది, కాబట్టి తాగించే వేడిలోనే కొలవండి. ఎంగిలి చెంచా తిరిగి గిన్నెలో ముంచితే ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని విడగొడుతుంది, కాసేపటికి జావ పలచబడుతుంది. అందుకే కొంచెం కొంచెం వేరే గిన్నెలోకి తీసుకుని పట్టాలి.

తల వెనక్కి వంచి ఎత్తి పోయడం చాలా ఇళ్లలో చూస్తాం. గుండె ఆగిన మనిషికి గాలి దారి తెరవడానికి తల వెనక్కి వంచుతారు. అదే భంగిమలో నీళ్లు పోస్తే ఎక్కడికి పోతాయి? రోగిని నిటారుగా కూర్చోబెట్టి, మనమూ ఎదురుగా కూర్చుని, చెంచా కింది నుంచి అందించాలి. ముద్దను బలమైన వైపు పెట్టాలి, చచ్చుబడిన వైపు బుగ్గలో మెతుకులు మిగిలాయేమో చూడాలి. తిన్నాక 30 నిమిషాలు పడుకోబెట్టకూడదు. పక్షవాతానికి నోట్లో, ముక్కులో పసరు పోయించే ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఆ పసరు ఏ ఆకుదైనా సరే, పోయడమే ప్రాణం మీదికి తెస్తుంది. దయచేసి ఆపండి.

మింగలేనివారికి ముక్కు నుంచి పొట్టలోకి రైల్స్ ట్యూబ్ వేస్తారు. గొట్టం పొట్టలోకే చేరిందని తేల్చుకోవడానికి అందులోకి గాలి కొట్టి పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి వింటే చాలదు. గొట్టం ఊపిరితిత్తిలో ఉన్నా ఆ శబ్దం పొట్ట మీద వినిపించవచ్చు. గొట్టంలోంచి లాగిన ద్రవం పీహెచ్ (ఆమ్లగుణం కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి, లేకపోతే ఎక్స్‌రే తీయాలి. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచి ఆహారం నిదానంగా పోసి, చివర 30 మిల్లీలీటర్ల నీళ్లతో గొట్టం కడగాలి. అయినా ఉమ్మి జారుతూనే ఉంటుంది, దాన్ని గొట్టం ఆపలేదు. నోట్లోని క్రిములతో నిండిన ఆ ఉమ్మే న్యుమోనియా తెస్తుంది. నోటితో ఏమీ తినకపోయినా పళ్లు తోమాల్సిందే. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్లు గమనిస్తే, పద్ధతిగా పళ్లు తోమినవారిలో న్యుమోనియా 11 శాతం, మిగతావారిలో 19 శాతం.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 19 స్ట్రోక్ యూనిట్లలో, అంటే పక్షవాతం రోగుల ప్రత్యేక వార్డుల్లో, జరిగిన పరిశీలన 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. కొన్ని యూనిట్లలో నర్సులు మొదటి మూడు రోజులు జ్వరం, షుగర్, మింగడం ఈ మూడింటినీ నియమం తప్పకుండా చూశారు. 90 రోజుల తర్వాత చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి ఆ యూనిట్లలో 42 శాతం, మామూలుగా చూసినచోట 58 శాతం. కొత్త మందు ఒక్కటీ లేకుండా సాధించిన తేడా ఇది! జ్వరానికి వాళ్లు పెట్టుకున్న గీత 37.5 డిగ్రీలు, మన థర్మామీటర్‌లో 99.5. మామూలు రోగిలో "ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది" అని వదిలేసే వేడే. ఇంట్లోనైనా దానికి తోడు ఊపిరి వేగం పెరిగినా, మాట తడిగా వినిపించినా నోటితో ఇచ్చేది ఆపి వెంటనే డాక్టరుకు చూపించండి.