ఫెలనీకీ మిస్‌డిమీనర్‌కీ మధ్య గీత

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలెవరైనా షాపులో వస్తువు తీసి పట్టుబడ్డారని తెలిస్తే, ఇక్కడ తల్లిదండ్రులు ముందు అడిగేది ‘బెయిల్ వస్తుందా?’ అనే. మన చట్టం నేరాలను బెయిలబుల్, నాన్ బెయిలబుల్ అని విడదీస్తుంది కాబట్టి ఆ ప్రశ్న సహజమే. అక్కడ మాత్రం కేసు ఫెలనీనా (పెద్ద నేరమా), మిస్‌డిమీనరా (చిన్న నేరమా) అన్నది కూడా వెంటనే తెలుసుకోవాలి.

ఈ విభజన మధ్యయుగపు ఇంగ్లండ్‌లో పుట్టింది. ఫెలనీ రుజువైతే సాధారణంగా ఉరి. పైగా భూమి దొరకు, సొత్తు రాజుకు పోయేవి. తప్పు చేసినవాడితో పాటు వాడి కుటుంబమూ వీధిన పడేది. మిగతా చిన్న నేరాలే మిస్‌డిమీనర్లు. ఆస్తి పోయే పద్ధతిని 1870లో ఎత్తేశారు. 1967 నాటి చట్టంతో ఇంగ్లండ్, వేల్స్ ఈ విభజననే వదిలేశాయి. అమెరికా మాత్రం వదల్లేదు.

అక్కడ ఫెడరల్ (కేంద్ర) చట్టం ప్రకారం ఏడాదికి మించి జైలు పడే వీలున్న నేరం ఫెలనీ. చూసేది చివరికి ఎంత శిక్ష వేశారని కాదు, ఎంత వేయొచ్చని. రాష్ట్రాల లెక్కలు వేరు. టెక్సాస్‌లో మామూలు దొంగతనం 2,500 డాలర్లకు చేరితే ఫెలనీ. న్యూజెర్సీలో ఫెలనీ, మిస్‌డిమీనర్ అన్న మాటలే వాడరు. కానీ 200 డాలర్లకే కేసు పెద్ద నేరాల కిందికి వెళ్తుంది. ఫెలనీ పడితే తుపాకీ ఉంచుకునే హక్కు పోతుంది, చాలా రాష్ట్రాల్లో కొంతకాలమైనా ఓటూ పోతుంది.

వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో చిక్కుంది. 1988లో ఇమిగ్రేషన్ చట్టంలోకి ‘అగ్రవేటెడ్ ఫెలనీ’ అనే మాట వచ్చింది, అంటే విదేశీయుల్ని దేశం నుంచి పంపించేయడానికి కారణమయ్యే తీవ్ర నేరం. 1996లో దాని పరిధి బాగా పెంచారు: దొంగతనానికి ఏడాది శిక్ష వేస్తే చాలు, ఒక్క రోజూ జైల్లో ఉండకుండా శిక్షను నిలిపేసినా సరే, అది ఈ కోవలోకే వస్తుంది. అంటే రాష్ట్రం మిస్‌డిమీనర్ అన్న కేసే దేశం నుంచి పంపించేయడానికి కారణం కావచ్చు. ఇది నాకు ఘోరమైన అన్యాయంగా కనిపిస్తుంది. అందుకే ‘చిన్న కేసే, ఒప్పేసుకుంటే పోతుంది’ అన్న సలహా ప్రమాదకరం. నేరం ఒప్పుకుంటే దేశం విడిచిపోవాల్సి రావచ్చన్న సంగతి లాయరు ముందే చెప్పి తీరాలని అమెరికా సుప్రీంకోర్టు 2010లో తీర్పిచ్చింది.

కొన్ని రాష్ట్రాలూ కదిలాయి. వాషింగ్టన్, కాలిఫోర్నియా, ఆ తర్వాత 2019లో న్యూయార్క్, మిస్‌డిమీనర్‌కు గరిష్ఠ శిక్షను 364 రోజులకు తగ్గించాయి, అంటే ఆ ఏడాది గీతకు ఒక్క రోజు తక్కువ.