పెట్రోలు వాసన, నడిరోడ్డు మీద ఆగిన బండి: హైబ్రిడ్ మినీవ్యాన్ వెనక కథ

హైబ్రిడ్ బండి కొనేవాళ్లలో చాలామందికి ఒక ధీమా ఉంటుంది. పెట్రోలు ఇంజనూ ఉంది, కరెంటు మోటారూ ఉంది, ఒకటి మొరాయిస్తే రెండోది ఇంటికి చేరుస్తుంది అని. పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఎక్కించుకుని తిరిగే మినీవ్యాన్ విషయంలో ఈ ధీమా మరీ ఎక్కువ. అమెరికాలో రీకాల్స్ (లోపమున్న బండ్లను బాగుచేయడానికి కంపెనీలు వెనక్కి పిలవడం) చరిత్ర తిరగేస్తే మాత్రం అది నిలవదు. ఎందుకు నిలవదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మినీవ్యాన్ అనే బండి 1983 చివర్లో క్రైస్లర్ వాళ్ల చేతుల్లో పుట్టింది. కెనడాలోని విండ్సర్ ఫ్యాక్టరీ నుంచి డాడ్జ్ కారవాన్, ప్లిమత్ వాయేజర్ బయటికొచ్చాయి. దానికి హైబ్రిడ్ హంగు తొడిగింది మాత్రం జపాన్. 2001లో టొయోటా అక్కడ ఎస్టిమా హైబ్రిడ్‌ను దించింది. అమెరికా కుటుంబాలు ఇంకా చాలా ఏళ్లు ఆగాల్సి వచ్చింది. 2016 జనవరిలో డెట్రాయిట్ ఆటో షోలో క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్‌ను చూపించారు, 2017 మోడల్‌గా అది రోడ్డెక్కింది. తయారీ మళ్లీ విండ్సర్‌లోనే. 3.6 లీటర్ల వీ6 ఇంజను, గోడకు ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే 16 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. పెట్రోలు ముట్టకుండా 33 మైళ్లు, అంటే దాదాపు 53 కిలోమీటర్లు వెళ్లొచ్చు. మామూలు పసిఫికాలో రెండో వరుస సీట్లు నేలలోని గుంటల్లోకి మడిచి పెట్టేయొచ్చు. హైబ్రిడ్‌లో ఆ గుంటల్లోకి బ్యాటరీ వచ్చి కూర్చుంది. పిల్లలు కాళ్లు పెట్టుకునే చోటికి సరిగ్గా కిందే అన్నమాట.

తొలి దెబ్బ తగలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2017 జూన్‌లోనే సుమారు 1,700 బండ్లను వెనక్కి పిలిచారు. ఇన్వర్టర్‌లోని డయోడ్లు (కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న భాగాలు) పాడైతే బండి నడుస్తూనే శక్తి కోల్పోవచ్చు. బ్యాటరీలో ఉండేది డీసీ కరెంటు, మోటారుకు కావలసింది ఏసీ. మధ్యలో ఆ పని చేసేదే ఇన్వర్టర్. చిన్న డయోడ్ పోతే రెండు టన్నుల బండి ఆగిపోవడమేంటి అనిపిస్తుంది. కథకు అసలు కీలకం అక్కడే ఉంది.

ఈ తరహా హైబ్రిడ్లలో ఇంజను, రెండు మోటార్లు ఒకే గేర్ల గుత్తికి కట్టి ఉంటాయి. ఇంజను తన శక్తిని చక్రాలకు పంపాలంటే ఒక మోటారు ఎదురు పట్టు పట్టాలి. ఆ పట్టు సడలితే ఇంజను ఎంత తిరిగినా బండి కదలదు. ఇంజనును స్టార్ట్ చేసేది కూడా మోటారే, మామూలు కార్లలో లాగా విడిగా స్టార్టర్ ఉండదు. కాబట్టి ఇవి ఒకదానికొకటి స్పేర్ కాదు, ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలబడ్డవి. షోరూంలో ఈ సంగతి ఎవరైనా విడమరిచి చెబితే ఎంత బాగుండేదో.

ఇది పసిఫికాతో మొదలైన జబ్బు కాదు. టొయోటా హైబ్రిడ్ కారు ప్రియస్‌లో 2004, 2005 మోడళ్లు నడుస్తూ ఆగిపోతున్నాయని ఫిర్యాదులొస్తే 2005లో టొయోటా అమెరికాలోనే సుమారు 75 వేల బండ్లకు సాఫ్ట్‌వేర్ మార్చింది. 2014లో ప్రపంచవ్యాప్తంగా 19 లక్షల ప్రియస్‌లను వెనక్కి పిలిచింది, పసిఫికాలో లాగే అక్కడా ఇన్వర్టర్ దగ్గరి తేడానే. లోపం వస్తే బండి పూర్తిగా ఆగకుండా తక్కువ శక్తితో పక్కకు చేరేలా 'ఫెయిల్ సేఫ్' అనే ఏర్పాటు ఉంటుంది. 2018 అక్టోబరులో 24 లక్షల బండ్లను మళ్లీ పిలవాల్సి వచ్చింది. కొన్ని పరిస్థితుల్లో ఆ ఏర్పాటులోకి వెళ్లకుండానే బండి ఆగిపోవచ్చని తేలింది. అంతకుముందు రీకాల్‌లో బాగుచేయించుకున్న బండ్లే అవి. బాగైందని నమ్మి ఇంటికి తీసుకెళ్లిన వాళ్ల సంగతి ఆలోచిస్తే బాధగా ఉంటుంది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. హఠాత్తుగా ఆగిపోవడం హైబ్రిడ్ల ఒక్కదాని సొత్తు కాదు. పెట్రోలుతో మాత్రమే నడిచే 2017 పసిఫికాలు రోడ్డు మీద ఆగిపోతున్నాయని సెంటర్ ఫర్ ఆటో సేఫ్టీ అనే సంస్థ ప్రభుత్వానికి అర్జీ పెట్టింది. ఆ తర్వాత 2018 జనవరిలో దాదాపు 1.6 లక్షల బండ్ల ఇంజను కంప్యూటర్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారు.

పసిఫికా హైబ్రిడ్ వైపు పెద్ద రీకాల్ 2022-23 చలికాలంలో వచ్చింది. 2017 నుంచి 2023 దాకా వచ్చిన మోడళ్లు, 67 వేలకు పైగా బండ్లు. ట్రాన్స్‌మిషన్ (శక్తిని చక్రాలకు చేర్చే గేర్ల వ్యవస్థ) వైర్ల కనెక్టర్‌లో షార్ట్ సర్క్యూట్ అయితే ఇంజను ఆగిపోవచ్చు. ఒక్క కనెక్టర్! హైవే మధ్య లేన్‌లో బండికి లాగుడు పోయిందనుకోండి. యాక్సిలరేటర్ తొక్కినా స్పందన ఉండదు, వెనక ట్రక్కు దగ్గరవుతూ ఉంటుంది, కుడి పక్కకు చేరడానికి రెండు లేన్లు దాటాలి. బండికి మిగిలిన వేగమే ఆ క్షణంలో డ్రైవరుకున్న ఆస్తి. అందుకే పవర్ పోగానే మొదట హజార్డ్ లైట్లు వేసి, ఆ వేగం ఉండగానే పక్కకు తీయమంటారు.

ఇక పెట్రోలు లీకు. ఇది పాత సమస్యే. ప్రమాదం జరిగాక ట్యాంకు నుంచి ఎంత కారొచ్చో అమెరికా నిబంధన నంబర్ 301 1968 నుంచీ లెక్కగట్టి చెబుతోంది. ఢీకొన్నప్పటి నుంచి బండి ఆగేదాకా 28 గ్రాములు, తర్వాత అయిదు నిమిషాల్లో మొత్తం 142 గ్రాములు, ఆ పైన నిమిషానికి 28 గ్రాములు మించకూడదు. కానీ ప్రమాదమేమీ లేకుండా, ఇంటి ముందు నిలిపిన బండిలోంచి వచ్చే వాసన వేరే కథ.

మామూలు కారులో ట్యాంకులోంచి లేచే ఆవిరిని బొగ్గు నింపిన ఒక డబ్బా పట్టి ఉంచుతుంది. ఇంజను నడిచినప్పుడు ఆ ఆవిరిని లాగి కాల్చేస్తుంది. పసిఫికా లాగా ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే ప్లగ్ఇన్ హైబ్రిడ్‌లో ఇంజను రోజుల తరబడి నడవకపోవచ్చు. అందుకే ట్యాంకును గట్టిగా మూసి, ఒత్తిడి తట్టుకునేలా చేస్తారు. పెట్రోలు పోయించుకోవాలంటే ముందు లోపల ఒక బటన్ నొక్కాలి, ఒత్తిడి దిగిందని తెర మీద సూచన వచ్చేదాకా ఆగాలి, అప్పుడే మూత తెరుచుకుంటుంది. ఇందులో వాల్వులు, సీళ్లు, సెన్సర్లు ఎక్కువ. ఎక్కువ అతుకులంటే కారడానికి ఎక్కువ చోట్లు. 2016లో టొయోటా ప్రియస్ సహా 28.7 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది ఆ బొగ్గు డబ్బా పగుళ్ల గురించే. 2024 అక్టోబరులో హోండా అమెరికాలో 7.2 లక్షల బండ్లను పిలిచింది, అకార్డ్, సీఆర్‌వీ హైబ్రిడ్లు కూడా అందులో ఉన్నాయి. అధిక ఒత్తిడి ఫ్యూయల్ పంపులో పగులు వస్తే పెట్రోలు కారవచ్చు.

లీకు విషయంలో హైబ్రిడ్ దగ్గర నాకు ఎక్కువ భయం వేసేది ఇంజను తనంతట తాను స్టార్ట్ అవడం. మామూలు కారులో పెట్రోలు వాసనొస్తే తాళం తిప్పకుండా దిగిపోతాం. హైబ్రిడ్‌ను ఆన్ చేసి ఉంచితే ఛార్జ్ తగ్గినా, చలికి హీటర్ వేసినా, చివరికి ట్యాంకులో పెట్రోలు పాతబడిందని కంప్యూటర్‌కు తోచినా ఇంజను లేస్తుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలనంటి పాకుతుంది. వాసన రాగానే బండి పూర్తిగా ఆఫ్ చేసి, అందర్నీ దించి, టో ట్రక్కును పిలవడమే దారి. ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం అనే మాటే వద్దు.

మంటల సంగతి విడిగా రాయాల్సినంత పెద్దది. 2020లో 12 వోల్టుల బ్యాటరీ కనెక్షన్ వేడెక్కడం వల్ల 27 వేలకు పైగా పసిఫికా హైబ్రిడ్లు, 2022 ఫిబ్రవరిలో 12 మంటల తర్వాత 2017, 2018 మోడళ్లు, 2024లో మళ్లీ 2017 నుంచి 2021 మోడళ్లు వెనక్కి వచ్చాయి. 2022 రీకాల్‌కు దారితీసిన మంటల్లో కాలినవన్నీ ఆపి ఉంచిన బండ్లే. ఛార్జింగ్ పెట్టొద్దు, ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచండి అని యజమానులకు చెప్పారు. బండి కొన్నదే ఛార్జింగ్ కోసమైన కుటుంబానికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుంది? మంటల మీద యజమానులు వేసిన కేసులు మిషిగన్‌లోని ఫెడరల్ కోర్టులో ఒకచోట చేరాయి.

రీకాల్ రిపేరుకు డబ్బు తీసుకోరు. కానీ నోటీసు రిజిస్ట్రేషన్‌లో ఉన్న చిరునామాకు వెళ్తుంది. 2017 బండి ఈపాటికి రెండు మూడు చేతులు మారి ఉంటుంది, ఉత్తరం ఎక్కడో పాత ఇంటి మెయిల్‌బాక్స్‌లో పడి ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు డ్రైవర్ వైపు ముందు అద్దం కింద కనిపించే 17 అక్షరాల విన్ నంబరును (బండి గుర్తింపు సంఖ్య) అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో వేస్తే, ఇంకా చేయించుకోని రీకాల్స్ అన్నీ నిమిషంలో కనిపిస్తాయి.