ఒక కాలికి మేజోడు, చేతిలో బూటు

మా అన్నయ్య కూతురు అమెరికాలో చదువుకుంటోంది. ఒకే ఇంట్లో ముగ్గురు అమ్మాయిలు: మా పిల్ల, చైనా నుంచి వచ్చిన అమ్మాయి, అక్కడే పుట్టి పెరిగిన ఇంకో అమ్మాయి. ఒకరోజు బస్సుకి టైమైపోతుంటే గుమ్మంలో నిలబడి "ఇంకా ఏం చేస్తున్నావ్?" అని కేకేశారట. లోపల్నుంచి చైనా అమ్మాయి "ఐ యామ్ వేరింగ్ మై షూస్!" అంది. తీరా వెళ్ళి చూస్తే కాలికి మేజోడే ఉంది, బూటు ఇంకా చేతిలోనే ఉంది. అమెరికా అమ్మాయి ఆ కాలునీ బూటునీ మార్చి మార్చి చూసి తెల్లమొహం వేసింది. "బాబాయ్, నాకు మాత్రం ఆ మాటలో తప్పేమీ వినబడలేదు. ఎందుకంటావ్?" అని మా పిల్ల ఫోన్లో అడిగింది.

ఎంత మంచి ప్రశ్న! వారం రోజులుగా నా బుర్రలో ఇదే తిరుగుతోంది.

ఇంగ్లీషులో చిన్న మాటలకి అర్థాలెక్కువని అందరికీ తెలుసు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ళ లెక్కలో 'రన్' అనే క్రియకే 645 అర్థాలున్నాయి. ఆ అంకె నాకంత ఆసక్తిగా అనిపించదు. 'వేర్'కి అన్ని అర్థాలు లేవు గానీ, అది దానికంటే లోతైన మాట. చొక్కా, బూట్లు, కళ్ళద్దాలు, ఉంగరం, సెంటు, లిప్‌స్టిక్, గడ్డం, చివరికి ముఖాన చిరునవ్వు, అన్నిటికీ ఇంగ్లీషువాడు 'వేర్' అనే అంటాడు. వస్తువు ఒంటి మీద ఉంటే చాలు, ఎలా ఉందన్నది అతనికి అక్కర్లేదు.

చైనా భాషకి అది కావాలి. చొక్కా, ప్యాంటు, మేజోళ్ళు, బూట్లు అయితే 'ఛ్వాన్'. టోపీ, కళ్ళద్దాలు, వాచీ, ఉంగరం, మాస్కు అయితే 'తాయ్'. (రోమన్ లిపిలో దాన్ని 'డి'తో రాస్తారు గానీ నోటితో పలికేది మన 'త'కే దగ్గర.) సెంటు అయితే చల్లుకోవాలి. గడ్డం అయితే ఉంచుకోవాలి. చైనా విద్యార్థి 'వేర్' అంటే 'ఛ్వాన్' అని ఒక్క ముక్క రాసుకుని బట్టీ పడితే, ఆ మాట సామ్రాజ్యంలో ఒక జిల్లా మాత్రమే చేతికి వచ్చినట్టు.

మనకి ఇది వింతగా అనిపించకూడదు. చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, చెప్పులు వేసుకుంటాం, కళ్ళద్దాలు పెట్టుకుంటాం, శాలువా కప్పుకుంటాం, తలపాగా చుట్టుకుంటాం, సెంటు కొట్టుకుంటాం, గడ్డం పెంచుకుంటాం. చైనావాళ్ళకి రెండు ముఖ్యమైన గదులుంటే మనకి ఏడెనిమిది ఉన్నాయి. అయినా బడిలో మనకేం చెప్పారు? 'వేర్' అంటే 'ధరించుట'. ఏ ఇంట్లో అయినా తల్లి బిడ్డతో "చెప్పులు ధరించు నాన్నా" అంటుందా? మన నోట్లో అప్పటికే ఉన్న ఎనిమిది మాటల్ని పక్కన పెట్టి, ఎవరూ అనని తొమ్మిదో మాట చేతిలో పెట్టారు. పిల్లల్ని ఆ ఎనిమిదీ చెప్పమని, వాటన్నిటికీ ఇంగ్లీషులో ఒక్కటే మాట అని చూపిస్తే ఐదు నిమిషాల్లో అయ్యే పాఠం అది. ఇది నేను గట్టిగా నమ్ముతాను.

సరే, 'ఛ్వాన్'కీ 'తాయ్'కీ గీత ఎక్కడ పడింది? ఒళ్ళు దూరేది ఛ్వాన్, పైన పెట్టేది తాయ్ అని మొదట అనిపిస్తుంది. చేతులు చొక్కాలోకి దూరతాయి, కాళ్ళు ప్యాంటులోకి దూరతాయి. మరి చేతి తొడుగులు? అందులోకి ఐదు వేళ్ళూ దూరాలి, అయినా అది తాయ్. గాజుల్లోకి చెయ్యి దూరాలి, అదీ తాయ్. పోలీసులు వేసే బేడీలు కూడా తాయ్. కాబట్టి దూరడం ఒక్కటే చాలదు. ఒంటిని కప్పే బట్ట ఛ్వాన్, ఆ బట్టకి అదనంగా చేరేది తాయ్ అని చూస్తే చాలావరకు కుదురుతుంది. కొరియా భాష ఇంకోలా కోస్తుంది: బిగుతుగా పట్టేది ఏదైనా 'క్కిదా'. ఉంగరం, చేతి తొడుగు అందులోకే వస్తాయి. బూట్లకి వేరే క్రియ, టోపీకి వేరే క్రియ. ఒళ్ళు అందరిదీ ఒకటే, దాని మీద గీతలు మాత్రం ఏ భాషకి ఆ భాష గీసుకుంది.

ఆ రెండు మాటల పుట్టుక చూస్తే ఇంకా బాగుంటుంది. 'ఛ్వాన్' అక్షరంలో పైన గుహ, కింద పన్ను. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ కూర్చిన నిఘంటువు దీన్ని 'గుహలో పన్ను' అని విప్పి చెప్పింది, అంటే ఎలుక గోడకి కన్నం పెట్టినట్టు తొలుచుకుపోవడం. సూదిలోకి దారం ఎక్కించడాన్ని ఇప్పటికీ ఛ్వాన్ అనే అంటారు. మనిషి చొక్కా చేతిలోంచి తన చెయ్యి పోనివ్వడం కూడా ఒక రకంగా సూదికి దారం ఎక్కించడమే. 'తాయ్'కి పాత అర్థం తల మీద మోయడం. పగవాడితో కలిసి ఒకే ఆకాశాన్ని నెత్తిన మోయలేను అని వాళ్ళకో పాత పలుకుబడి ఉంది, అందులోని క్రియ ఇదే. జనం నాయకుడిని ప్రేమగా గౌరవించడాన్ని 'అయ్‌తాయ్' అంటారు. అచ్చంగా మన 'నెత్తిన పెట్టుకోవడం'! ఒకరిని పొగిడి పొగిడి ములగచెట్టు ఎక్కిస్తే 'ఎత్తు టోపీ తాయ్ చేయించడం'. కింది ఉద్యోగిని పై అధికారి కావాలని సతాయిస్తే 'ఇరుకు బూట్లు ఛ్వాన్ చేయించడం'. జాతీయాల్లో కూడా టోపీ తన క్రియనీ, బూటు తన క్రియనీ వదల్లేదు చూశారా.

ఇప్పుడు మా పిల్ల ప్రశ్నకి వద్దాం. అసలు చిక్కు వస్తువులో లేదు, కాలంలో ఉంది.

ఇంగ్లీషులో ఈ పనికి రెండు క్రియలు. బూటులో కాలు దూర్చి లేసు ముడేసే ఆ అర నిమిషం 'పుట్ ఆన్'. ఆ తర్వాత సాయంత్రం విప్పేదాకా 'వేర్'. రెండింటికీ చివర 'ఇంగ్' చేరుతుంది గానీ, 'వేరింగ్' అన్నామంటే బూటు అప్పటికే కాలికి ఉందని అర్థం. చైనా భాషలో క్రియ ఒక్కటే, ఛ్వాన్. తేడా అంతా పక్కన చేరే చిన్న మాటలో ఉంటుంది. ముందు 'త్సాయ్' చేరి 'త్సాయ్ ఛ్వాన్' అయితే పని నడుస్తోంది, బూటు ఇంకా సగంలోనే ఉంది. వెనక 'చ' చేరి 'ఛ్వాన్‌చ' అయితే పని అయిపోయింది, బూటు కాలికి ఉంది. మన తెలుగూ అంతే! 'వేసుకుంటున్నాను' అంటే బూటు చేతిలో ఉంది. 'వేసుకున్నాను' అంటే కాలికి ఉంది. క్రియ ఒకటే, తోక మారింది. "ఆవిడ ఎర్రచీర కట్టుకుంది" అని మనం చూస్తూ చూస్తూ చెబుతాం. మాట జరిగిపోయిన కాలానిది, చీర మాత్రం కళ్ళ ముందే ఉంది.

అంటే ఇంగ్లీషుది రెండు క్రియలు, ఒక తోక. చైనాదీ మనదీ ఒక క్రియ, రెండు తోకలు. ఆ అమ్మాయి తన భాషలో 'త్సాయ్ ఛ్వాన్' అనుకుంది. 'త్సాయ్'కి 'ఇంగ్' అనీ, 'ఛ్వాన్'కి 'వేర్' అనీ బడిలో నేర్చుకుంది. రెండు లెక్కలూ ఒప్పే, మొత్తం మాత్రం తప్పింది. మా పిల్ల చెవికి తప్పు వినబడకపోవడానికి కారణం కూడా ఇదే. మన ఇళ్ళలో "వేర్ యువర్ షూస్" అని పిల్లల్ని తొందరపెట్టని వాళ్ళెవరు? అది 'బూట్లు వేసుకో'కి ఇంగ్లీషు చొక్కా తొడగడం.

'చ' అనే ఆ తోకని రాసే అక్షరానికే 'చ్వో' అని ఇంకో ఉచ్చారణ ఉంది. దానికి అర్థం అంటుకోవడం, ఒంటికి పట్టించుకోవడం. దక్షిణ చైనాలో మాట్లాడే కాంటనీస్‌లో బట్టలు వేసుకోవడానికి ఇప్పటికీ ఆ అక్షరాన్నే క్రియగా వాడతారు. అదే రెండక్షరాల జంటని ఒకలా చదివితే 'వేసుకుని ఉండడం', ఇంకోలా చదివితే 'వేషధారణ'. ఒకప్పుడు అంటుకోవడం అనే అర్థంతో ఉన్న క్రియ అరిగి అరిగి చివరికి 'ఆ స్థితిలో ఉండడం' అని చెప్పే తోకగా మిగిలింది.

ఇంత లెక్క ఆ అమ్మాయి కావాలని చెయ్యలేదు. ఇంగ్లీషు వింటున్నప్పుడు సొంత భాష లోపల తనంతట తనే కదులుతుందని ప్రయోగశాలలో చూశారు. వేల్స్‌లోని బాంగోర్ విశ్వవిద్యాలయంలో గియోమ్ త్యెరీ, యాన్ జింగ్ వూ 2007లో ప్రచురించిన ప్రయోగం అది. ఒక మాట చదివిన సుమారు 400 మిల్లీసెకన్లకి మెదడులో ఒక రుణవిద్యుత్ తరంగం లేస్తుంది, దాన్ని ఎన్400 అంటారు. ముందొచ్చిన మాటతో సంబంధముంటే అది తగ్గుతుంది, లేకపోతే పెరుగుతుంది. ఇంగ్లీషు బాగా వచ్చిన చైనావాళ్ళకి ఇంగ్లీషు మాటల జంటలు చూపించి, అర్థంలో సంబంధం ఉందో లేదో చెప్పమన్నారు. ఒక జంట 'ట్రెయిన్', 'హామ్'. రైలుకీ పంది తొడ మాంసానికీ ఏం సంబంధం? ఇంగ్లీషులో ఏమీ లేదు. చైనా భాషలో రైలు 'హ్వోఛ', అంటే నిప్పుబండి. హామ్ 'హ్వోథ్వేయ్', నిప్పుకాలు. నిప్పు అక్షరం రెండింట్లోనూ ఉంది. బొత్తాం నొక్కే వేగంలో ఏ తేడా రాలేదు. కానీ అక్షరం కలిసిన జంటలకి ఎన్400 తగ్గింది! పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకి తగ్గలేదు. ఒక్క చైనా అక్షరం కూడా తెర మీద లేదు, వాళ్ళకి తెలియకుండానే నిప్పు లోపల వెలిగింది.

'వేర్' మాట పుట్టుక గురించి కూడా చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే అది మనింట్లోనూ ఉంది. దాని మూలం ఇండో-యూరోపియన్ (సంస్కృతం, లాటిన్, ఇంగ్లీషు లాంటి భాషలన్నిటికీ తల్లి అనుకునే పాత భాష) 'వెస్', ఒంటి మీద వేసుకోవడం. సంస్కృతంలో అదే వస్త్రం అయి మన తెలుగులోకి వచ్చింది, లాటిన్‌లో 'వెస్టిస్' అయింది. ఇంగ్లీషు పుట్టిన జర్మానిక్ భాషల్లో ఆ 'స' మొదట 'జ' అయి, తర్వాత 'ర' అయింది. నమ్మబుద్ధి కాకపోతే ఇంగ్లీషులో 'వాజ్', 'వర్' పక్కపక్కన పెట్టి చూడండి, అదే మార్పు కనబడుతుంది. కార్ల్ వెర్నర్ అనే డెన్మార్క్ పండితుడు 1870లలో ఆ 'స', 'జ'గా మారడానికి పదంలో ఊనిక (నొక్కి పలకడం) ఎక్కడ పడేదన్నదే కారణమని తేల్చాడు. కాబట్టి 'వేర్', 'వస్త్రం' దూరపు చుట్టాలు.

రోజూ వేసుకున్న బట్ట నలుగుతుంది, పలచబడుతుంది, చిరుగుతుంది. అందుకే 13వ శతాబ్దం చివరికల్లా 'వేర్'కి అరిగిపోవడం అనే అర్థం కూడా వచ్చింది. అంటే ఇంగ్లీషు మాట బట్ట దగ్గర మొదలై చిల్లు దగ్గరికి చేరింది. చైనా మాట చిల్లు దగ్గర మొదలై బట్ట దగ్గరికి చేరింది. ఎదురెదురుగా నడిచిన ఈ రెండూ ఒక చోట కలుస్తాయి. చుక్క చుక్కగా పడే నీరు రాతిని కూడా తొలుస్తుందని రెండు భాషల్లోనూ సామెత ఉంది. ఇంగ్లీషులో ఆ నీళ్ళు రాతిని 'వేర్' చేస్తాయి. చైనా భాషలో 'ఛ్వాన్' చేస్తాయి.

ఇదంతా మా పిల్లకి చెబితే, ఆ అమ్మాయిని అడిగి ఇంకో సంగతి కనుక్కుంది. చీరకి కూడా వాళ్ళు ఛ్వాన్ అనే అంటారట, అందులో దూరడానికి ఏమీ లేకపోయినా సరే. దీపావళికి మా పిల్ల ఆ అమ్మాయికి మా వదిన పట్టుచీర కట్టింది. కుచ్చిళ్ళు జారుతుంటే మళ్ళీ మళ్ళీ సర్దుతూ అరగంట పట్టిందట. బయట నుంచి అమెరికా అమ్మాయి "అయిందా?" అంటే, లోపల్నుంచి ఇద్దరూ ఒకేసారి "వియ్ ఆర్ వేరింగ్ ఇట్!" అన్నారట.